పేదదేశపు విద్యార్థికి పాతగాజు చాలునా?

పేదవానికి పాతసరుకు చాలునను వాదము క్రొత్తది కాదు. పల్లెకు విద్యుద్దీపమేల యనిరి. ఆడుబిడ్డకు కళాశాల యేల యనిరి. నేతగానికి బ్యాంకు ఖాతా యేల యనిరి. ఇప్పుడా వాదమే వైద్యవిద్యలో ప్రవేశించినది. వ్యాధులను కణజాలములో గుర్తించు పాథాలజీ శాస్త్రమును కంప్యూటరు తెరమీద బోధించు పద్ధతి అమెరికాకు, ఐరోపాకు తగునే కాని, మనవంటి దేశమునకు, అందునను గంజాము, కోరాపుట్టు వంటి జిల్లాలకు అది వేడుకయే గాని యవసరము కాదని కొందరు విద్యావంతులే పలుకుచున్నారు. మన సంఘ విద్యానిధినుండి ఈ కార్యమునకు కొంత ధనము కేటాయింపవలెనను సూచన వచ్చినప్పుడు మన కార్యవర్గములోను ఇదేమాట వినబడినది. ఈ వాదము తప్పనియు, తప్పేగాక హానికరమనియు చెప్పుటకే ఈ వ్యాసము. మేము వైద్యులము కాము. పదవ తరగతితో చదువు ముగించి పట్టుబట్టల అంగడిలో కూర్చున్నవారము. అయినను లెక్క తెలిసినవారము. ఈ విషయములో లెక్కయే ప్రధానము.

ముందు విషయమును స్పష్టము చేసికొందము. ఒక స్త్రీకి నోటిలో పుండు మానకున్నది. శస్త్రవైద్యుడు అందులోనుండి చిన్న తునకను కోసి పంపును. దానిని ఫార్మలిన్ మందులో నిలువచేసి, మైనపు దిమ్మలో పొదిగి, తలవెండ్రుక మందములో ఇంచుమించు పదునైదవ వంతు పలుచదనముగల పొరగా కోసి, గాజుపలకపై పరచి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో చూచి, అది క్యాన్సరో, క్షయయో, వట్టి వాపో తేల్చి చెప్పువాడు పాథాలజిస్టు. ఆయన మాట వచ్చువరకు తక్కిన వైద్యులు చేయగలిగినది స్వల్పము. జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్షో 1858లో తన కణవ్యాధిశాస్త్ర గ్రంథమును ప్రకటించిన నాటినుండి వైద్యవిద్యకు ఇదియే పునాది. ఈ పలకలను చూడనేర్వని విద్యార్థి వ్యాధుల పేర్లను వల్లించగలడు. వ్యాధిని మాత్రము ఎరుగడు.

ఆ గాజుపలకపై అద్దు రంగులలో ముఖ్యమైనది హిమటాక్సిలిన్. అది మధ్య అమెరికా అడవులలోని యొక చెట్టుచేవ నుండి వచ్చునది. దానితో ఒకప్పుడు బట్టలకు విస్తారముగా రంగు వేసెడివారు. రెండవదగు ఇయోసిన్ కూడ రంగుల కర్మాగారములలో పుట్టినదే. కాబట్టి రంగు వెలియుట యననేమో, తడవతడవకు ఛాయ మారుట యననేమో మా వ్యాపారమువారికి ఒకరు నేర్పనక్కరలేదు. గాజుపలకమీది రంగును కాలక్రమమున వెలియును. పలక పగులును. మైనపు దిమ్మ కోయగా కోయగా తరిగిపోవును. ఏ పదియేండ్లకో ఒకసారి మాత్రమే కనబడు అపురూపమైన వ్యాధి యొక్క దిమ్మ యొకనాటికి పూర్తిగా అయిపోవును. దానితో ఆ పాఠమును అయిపోవును.

ఇక బోధన ఎట్లు జరుగుచున్నదో చూడుడు. తరగతిలో నూరుగురో, నూటయేబదిమందియో విద్యార్థులు. మంచి పలక యొకటో రెండో. విద్యార్థులు వరుసలో నిలిచి, కంటికి సూక్ష్మదర్శిని నానించి, ఒక్కొక్కరు అరనిమిషము చూచి కదలవలెను. అధ్యాపకుడు చూపదలచిన కణమునే విద్యార్థి చూచెనా, లేక ప్రక్కనున్న మరియొక దానిని చూచి తలయూపెనా యని తెలిసికొను మార్గము లేదు. ఇద్దరొకేసారి చూచు పరికరములు కలవు గాని, అవి ఎన్ని కళాశాలలలో, ఎందరికి అందుబాటులో నున్నవి? సాయంకాలమున గది మూతపడును. విద్యార్థి వసతిగృహమునకు పోయి పుస్తకములోని అరచేతియంత బొమ్మను చూచి పరీక్షకు పోవును.

మరియొక లెక్క. భారతదేశమున 2014కు ముందు 387 వైద్యకళాశాలలు, 51,348 ఎం.బి.బి.ఎస్. స్థానములు ఉండెడివి. 2023–24 నాటికి కళాశాలలు 700 దాటినవి. స్థానములు లక్ష దాటినవి. 2022 జనవరి 12వ తేదీ నొక్కనాడే తమిళనాట పదకొండు ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. మన తెలుగువారు తరతరాలుగా నివసించుచున్న కృష్ణగిరి అందులో నొకటి. మన యొడిశాలో కోరాపుట్టు కళాశాల 2017లో వచ్చినది. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరము, రాజమహేంద్రవరము మొదలగు అయిదు చోట్ల క్రొత్త కళాశాలలు తెరచిరి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని భవనమును రెండేండ్లలో కట్టవచ్చును. అరువదియేండ్ల గాజుపలకల భాండారమును రెండేండ్లలో కట్టలేము. 1923 నాటి విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలకును, 1962 నాటి మన బరంపురపు కళాశాలకును కాలమే యొక ఆస్తిని కూడబెట్టి యిచ్చినది. నిన్న పుట్టిన కళాశాల విద్యార్థి ఆ ఆస్తిలో పాలు పొందుటెట్లు? ప్రశ్న యిది. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ డిజిటల్ పద్ధతి వేడుక యనువారు అసలు విషయమును దాటవేయుచున్నారు.

డిజిటల్ పద్ధతి యననేమి? స్కానరనెడు యంత్రము గాజుపలకను అంగుళమంగుళము కాదు, మిల్లీమీటరులో నాలుగువేలవ వంతు చొప్పున చిత్రించి, ఆ ముక్కల నన్నింటిని కలిపి ఒకే మహాచిత్రముగా చేయును. పదునైదు మిల్లీమీటర్ల చదరపు తునకకు పొడవున అరువదివేలు, వెడల్పున అరువదివేలు, వెరసి 360 కోట్ల చుక్కలు. కుదించి నిలువచేసినచో ఇది ఇంచుమించు ఒక గిగాబైటుకు అటునిటుగా నుండును. చూచువాడు దూరమునుండి మొత్తము చూడవచ్చును. దగ్గరకు లాగి కణకేంద్రకమును చూడవచ్చును. సెల్‌ఫోనులో పటమును పెద్దది చేసి మన వీధిని వెదకుకొనుటవంటిదే యిది. తెరమీద కనబడు భాగము మాత్రమే యంత్రము తెచ్చును గనుక సామాన్యమైన కంప్యూటరే చాలును. అధ్యాపకుడు బాణపుగుర్తు పెట్టి "ఇది చూడుడు" అనినచో నూటయేబదిమందియు దానినే చూతురు. రాత్రి పదిగంటలకు వసతిగృహములోను చూతురు. రంగు వెలియదు, పలక పగులదు, దిమ్మ తరుగదు.

ఇక వేడుక యనువారి మొదటి వాదము: ఖర్చు. స్కానరు ధర లక్షలలో నారంభమై కోటి దాటునన్నమాట నిజమే. అయితే ప్రతి కళాశాలయు స్కానరు కొనవలెనని ఎవరు చెప్పిరి? ఒక యూరిలో పది అంగళ్ళున్న మాత్రమున పది మరమగ్గములు కావలెనా? పాత కళాశాలలో ఒక్క స్కానరుండి, అచ్చటి భాండారములోని రెండువందల మేలైన పలకలను చిత్రించినచో రెండువందల గిగాబైట్లు. ఒక టెరాబైటు డిస్కులో అట్టివి నాలుగైదు సంపుటములు పట్టును. ఆ డిస్కు ధర మా యంగడిలో నొక మధ్యరకపు పట్టుచీర ధరకు మించదు. ఇంటర్నెట్టు సరిగా లేని కొండప్రాంతపు కళాశాలకు ఆ డిస్కును బస్సు పార్సెలులో పంపవచ్చును. చూచుటకు కావలసిన సాఫ్టువేరులో మంచివి ఉచితముగనే లభించుచున్నవి. బెల్‌ఫాస్టులోని క్వీన్స్ విశ్వవిద్యాలయములో పుట్టిన క్యూపాత్ అట్టిది. ఒక్కసారి చిత్రించినదానిని వందమంది చూచినను, లక్షమంది చూచినను మూలధనము పెరుగదు. ఇంతకంటె చౌకబేరము మా వ్యాపారానుభవములో లేదు. నిజమునకు గాజుపలకయే ధనికుల పద్ధతి. ప్రతి విద్యార్థికి వేరువేరుగా కోసి, అద్ది, పెట్టెలో నింపి యివ్వగలవానికే అది చెల్లును.

మనకంటె పేదదేశములు ఏమి చేసినవో చూడుడు. సహారాకు దక్షిణమునగల ఆఫ్రికాలో పది లక్షల జనమునకు ఇంచుమించు ఒక్క పాథాలజిస్టు. ధనిక దేశములలో దానికి ఏబదిరెట్లు. మలావీ రాజధాని లిలోంగ్వేలోని కముజు కేంద్రాసుపత్రిలో 2011లో అమెరికాలోని ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో పాథాలజీ ప్రయోగశాల ప్రారంభమైనది. అచ్చటి పలకలను చిత్రించి, వారము వారము రెండు దేశముల వైద్యులు ఒకేసారి చూచుచు చర్చించుకొను నేర్పాటు చేసిరి. ఆ చర్చలో రోగికి నిదానమును, స్థానిక వైద్యునికి విద్యయు ఒక్క గంటలోనే లభించుచున్నవి. రువాండాలో 2012లో కొండల నడుమ బుటారో క్యాన్సరు కేంద్రము తెరచినప్పుడు మొదట కణజాలమునే పెట్టెలలో బోస్టనుకు పంపెడివారు. పిమ్మట చిత్రములు పంప నారంభించిరి. టాంజానియాలో ఓపెన్‌ఫ్లెక్షర్ అను సూక్ష్మదర్శినిని త్రీడీ ముద్రణయంత్రముతో స్థానికముగనే తయారుచేయుచున్నారు. అది మోటారుతో పలకను తానే కదుపుకొనుచు చిత్రములు తీయును. వీరికెవరికి ధనము పొంగి పొరలుచున్నది? లేమియే వారిని ఈ మార్గమునకు తెచ్చినది. లేమి గలవానికి పంచుకొనుటకంటె వేరు మార్గము లేదు.

రెండవ వాదము: సూక్ష్మదర్శినిపై చేయి తిరుగని వైద్యుడు వైద్యుడేనా? ఈ వాదములో సత్యము కొంత కలదు. దానిని మేము కాదనము. మలేరియాకు రక్తపు పూత, క్షయకు కఫపు పూత చూచుటకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో సూక్ష్మదర్శినియే దిక్కు. మందమైన పూతలను, సూక్ష్మజీవులను చూచునప్పుడు పైకి క్రిందికి కదుపుచు చూడవలసియుండును. ఒకే లోతులో తీసిన చిత్రములో ఆ సౌకర్యము లేదు. కాబట్టి సూక్ష్మదర్శినులను తూకమునకు అమ్మివేయుడని మేము చెప్పుటలేదు. చేతిపనికి సూక్ష్మదర్శిని, కంటిపనికి తెర, రెండును కావలెను. అయోవా విశ్వవిద్యాలయము వంటివి ఈ శతాబ్దారంభముననే తెరమీది బోధనకు మారినవి. ఆ తరువాత అనేక చోట్ల చేసిన పరిశీలనలలో విద్యార్థుల మార్కులు తగ్గలేదని తేలినది. నిదానమునకే ఈ పద్ధతిని 2017లో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ మొదటిసారి యంగీకరించినది. రోగి ప్రాణమును నిర్ణయించుటకు తగినది విద్యార్థికి పాఠము చెప్పుటకు తగదా?

అయితే మాకు మరియొక ప్రక్కనుండి భయము కలదు, దానిని దాచుకొనము. వేడుక యనువారికంటె, యంత్రము కొని శిలాఫలకము వేయించుటతో పని ముగిసినదనుకొనువారు ఎక్కువ హాని చేయుదురు. మేమెరిగిన యొక ఆసుపత్రిలో దాతల చందాలతో కొన్న యంత్రమొకటి ప్రారంభోత్సవమునకు కట్టిన రిబ్బను వెలియకమునుపే ఆగిపోయినది. మరమ్మతు ఒప్పందము లేదు, విడిభాగము లేదు, నడపువానికి జీతము లేదు. నేడది గుడ్డకప్పుకొని మూలనున్నది. గోడమీద దాతల పేర్లు మాత్రము మెరయుచున్నవి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇది ఒక్క యూరి కథ కాదు. పేదదేశముల యాసుపత్రులలో వైద్యపరికరములు పదింట ఇంచుమించు నాలుగు పనిచేయక పడియున్నవని 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధన తేల్చినది. ఏనుగును కొని అంకుశమునకు బేరమాడువాడు ఏనుగును కొనకుండుటయే మేలు. కాబట్టి యంత్రపు ధర యనగా ఐదేండ్ల మరమ్మతు, నడపువాని జీతము, నిలువచేయు డిస్కులు, విద్యుత్తు పోయినప్పటి ఏర్పాటు, ఇవన్నియు కలిసిన ధర. విక్రేత చెప్పునది ఆ ధర కాదు. ఆ లెక్క మనమే వేసికొనవలెను.

ఇంతకంటె ముఖ్యమైన మాట యిప్పుడు చెప్పుచున్నాము. అమెరికా, ఐరోపాల చిత్రములు ఇంటర్నెట్టులో ఉచితముగా కోకొల్లలు దొరకుచుండగా మనము వేరుగా శ్రమపడనేల యని కొందరడుగుదురు. వారికి మా సమాధానము: ఆ చిత్రములలో మన రోగులు లేరు. పదకొండువేలమంది రోగుల కణజాలముతో అమెరికాలో సిద్ధమైన క్యాన్సరు జన్యుపట భాండారములో అత్యధికులు ఐరోపా సంతతివారు. ఆ భాండారము గొప్పదే. కాని మన తీరప్రాంతపు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగుదురు. శ్రీకాకుళమునుండి గంజాము వరకు ఈ యలవాటును ఎరుగని తెలుగుకుటుంబము లేదు. ప్రపంచమున తక్కిన చోట్ల అరుదైన అంగిలి క్యాన్సరు ఈ స్త్రీలకు వచ్చుచున్నది. డెన్మార్కు పండితుడు పిండ్‌బోర్గ్ మన దేశ శాస్త్రజ్ఞులతో కలిసి ఆంధ్రదేశమున పదివేలకు పైగా గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి 1971లో ఆ ఫలితములను బ్రిటిషు క్యాన్సరు పత్రికలో ప్రకటించెను. మరి నేడు బరంపురములోను, కోరాపుట్టులోను చదువు విద్యార్థి ఈ అంగిలి పుండు యొక్క పలకను ఏ విదేశీ సంపుటములో చూచును?

ఇట్టివి ఇంకను గలవు. ప్రపంచమున ఏటేట క్రొత్తగా కనుగొనబడు కుష్ఠరోగులలో సగముకంటె ఎక్కువమంది మన దేశమువారు. కోరాపుట్టు కొండలలోని గిరిజనులను కొడవలికణ రక్తహీనత పీడించుచున్నది. దాని నిర్మూలనకు కేంద్రప్రభుత్వము 2023 జూలై 1న ప్రత్యేకోద్యమమునే ఆరంభించినది. పాదము వాచి, రంధ్రములు పడి, గింజలు రాలు మైసిటోమా వ్యాధికి పాశ్చాత్యులు పెట్టిన పేరే మధురపాదము; మన సోదరసంఘము లున్న మధురనగరపు పేరది. ముక్కులో ఎఱ్ఱని కండ పెరుగు రైనోస్పోరిడియోసిస్ దక్షిణభారతమునకును సింహళమునకును ప్రత్యేకమువంటిది. ఈ వ్యాధుల పలకలు మన పాత కళాశాలల బీరువాలలో వెలిసిపోవుచు, పగిలిపోవుచు పడియున్నవి. ఏ దేశమును మనకు వీనిని చిత్రించి పంపదు. మనమే చిత్రింపవలెను. ఆలసించినకొలది నష్టమే, వెలిసిన రంగు మరల రాదని మాకంటె బాగుగ నెవరికి తెలియును?

ఇచ్చట నొక హెచ్చరిక. ఈ చిత్రములకు నేడు అంగడిలో విలువ యేర్పడినది. కృత్రిమమేధకు వ్యాధులను గుర్తింప నేర్పు కంపెనీలకు ఇవియే ముడిసరుకు. ముడిసరుకును ఊరకయే యిచ్చి, నేసిన బట్టను బంగారు ధరకు కొన్న చరిత్ర మన దేశమునకు కొత్త కాదు. "స్కానరు ఉచితముగా నిత్తుము, చిత్రములు మావి" యని వచ్చువానికి నమస్కరించి పంపివేయవలెను. చిత్రభాండారము ప్రభుత్వ కళాశాల యధీనములో నుండవలెను. విద్యార్థులకు ఉచితము, వ్యాపారులకు షరతులతో. మరియొకటి: గాజుపలక కొసన అంటించిన చీటిపై రోగి పేరు, సంఖ్య యుండును, స్కానరు ఆ చీటిని కూడ చిత్రించి అదే ఫైలులో దాచును. దానిని తొలగింపకుండ డిస్కును పంచినచో ఒక యింటి రహస్యమును సంతలో చాటినట్లే. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసినది. చట్టము లేకున్నను ధర్మమొకటి యున్నది గదా.

చివరకు భాషామాట. మనది భాషాల్పసంఖ్యాకుల సంఘము. 1936లో ఒడిశా రాష్ట్రము వేరుపడిన నాటినుండి మనము మాతృభాషకై అర్జీలు వ్రాయుచునే యున్నాము; రాజ్యాంగపు 350ఎ అధికరణమును ప్రాథమిక పాఠశాలల కొఱకు చూపుచునే యున్నాము. వైద్యకళాశాలలో తెలుగు బోధన కోరుట అసాధ్యమనియు, ఒడియా సోదరులకు కష్టము కలిగించుననియు మాకు తెలియును. ఆ కోరిక మేము కోరము. కాని చిత్రమునకు భాష లేదు. ఒకే చిత్రము, దానికి ఇంగ్లీషులో నొక వివరణ, ఒడియాలో నొకటి, తెలుగులో నొకటి, కన్నడములో నొకటి గొంతుతో చేర్చవచ్చును. గాజుపలకకు ఈ గుణము లేదు. ప్రభుత్వ తెలుగుబడిలో చదివి, మొదటి సంవత్సరపు ఇంగ్లీషు ఉపన్యాసములలో మునిగి తేలుచున్న మన నేతగాని బిడ్డకు ఒక్కసారి తన భాషలో "ఈ నీలపు చుక్క కేంద్రకము, అది ఇంత పెద్దదైనచో అనుమానింపుము" అని వినబడినచో ఎంత ధైర్యము! పరీక్ష ఇంగ్లీషులోనే వ్రాయును. అర్థము మాత్రము తనదగును. ఇది ఒకరి పళ్ళెములోనుండి లాగికొని మరియొకరికి పెట్టునది కాదు.

కావున మేము ప్రతిపాదించునది ఇది. మన విద్యానిధినుండి స్కానరు కొనరాదు; అది ప్రభుత్వపు బాధ్యత, దానికై అన్ని భాషలవారితో కలిసి మహజరు పంపవలెను. ఆ మహజరులో పాత కళాశాలకు ఒక స్కానరు, ఐదేండ్ల మరమ్మతు, ఒక సాంకేతికోద్యోగి, స్థానికవ్యాధుల రెండువందల పలకల సంపుటము, పేర్ల తొలగింపు, సర్వులకు ఉచిత వినియోగము స్పష్టముగా కోరవలెను. నిధి ధనమును డిస్కులకు, వసతిగృహములలోని పేదవిద్యార్థులకు తెరలకు, తెలుగు వివరణల ధ్వనిముద్రణకు మాత్రమే వెచ్చింపవలెను. శిలాఫలకము వలదు. మన వారిలో విశ్రాంతి తీసికొన్న వైద్యులు పలువురు కలరు. వారానికొక గంట గొంతు నిచ్చినచో ఏ దాత యిచ్చిన లక్షయు దానికి సాటిరాదు. మధుర, బళ్లారి, కృష్ణగిరి, యానాములలోని సోదరసంఘములు తమ తమ ప్రాంతపు కళాశాలల యెదుట ఇదే కోరిక నుంచినచో ఒక్కొక్కరి సంపుటము అందరి సంపుటమగును.

వ్యతిరేకించు పెద్దలపై మాకు గౌరవమే కలదు. వారును వచ్చు కార్యవర్గ సమావేశమునకు ముందు తమ యభిప్రాయములను ఈ పత్రికకు వ్రాసి పంపుదురు గాక. అక్షరము మార్చక ప్రకటింతుము. అయితే "మనవంటివారికేల" అను మాటతో సరిపెట్టక, లెక్క వేసి పంపవలెనని మా మనవి. వ్యాధులు మన యూరివి, రోగులు మన యిండ్లవారు, చదువు బిడ్డలు మనవారు. వారు చూడవలసిన చిత్రములు మాత్రము ఏ దూరదేశమునుండియో రావలెనని కూర్చుండుట పేదరికము కాదు, అలసత్వము.